పావులూరి మల్లన చెప్పిన చదరంగపు సంఖ్య



ఇంకొల్లు ప్రాంతము నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప, పొగాకు, శనగ పండెడి పొలములు. ఆ పొలముల నడుమ పావులూరు అను గ్రామము కలదు. 1970కి పూర్వము అది గుంటూరు జిల్లాలోనిది. పిదప ప్రకాశము జిల్లాలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను ఊరి పేరు నిలిచినది. గణితశాస్త్రమును తెలుగు పద్యములలో చెప్పిన మహనీయుని ఇంటిపేరు ఆ ఊరి పేరే. ఆయన పావులూరి మల్లన. గ్రంథము సారసంగ్రహ గణితము. జనవ్యవహారమున దానికి పావులూరి గణితమనియే పేరు.

ఆ గ్రంథములోని ఒకే ఒక్క సంఖ్యను గూర్చి నేడు మనవి చేయదలచితిమి. దేవాలయమున లెక్కలేలయని కొందరికి తోచవచ్చును. వేదాంగములు ఆరింటిలో జ్యోతిషము లెక్క, ఛందస్సు లెక్క, కల్పములోని శుల్బసూత్రములు లెక్క. అగ్నిచయనమున ఇటుక ఒకటి తక్కువైన చితి పూర్తి కాదు. కాబట్టి లెక్క మనకు పరాయిది కాదు. ఇంకొక కారణము కూడ కలదు. ఈ సంఖ్యను పట్టుకొని వేదికలమీద అనేకులు అనేక కథలు చెప్పుచున్నారు. కొన్ని మనోహరములు, కొన్ని నిరాధారములు. భక్తులు వినునది సత్యమై యుండవలెనని మా కోరిక.

మల్లన కమ్మనాటిలోని పావులూరి కరణము. రాజమహేంద్రవరము నేలిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు (1022–1061) పీఠాపురము చెంతగల నవఖండవాడ గ్రామమును వీరి వంశమునకు దానము చేసెను. దానము పొందినది గ్రంథకర్తయే యని కొందరు, గ్రంథకర్తకు తాతయైన మరియొక మల్లన యని కొందరు పండితులు చెప్పుదురు. మొదటి మతమున ఆయన నన్నయకు సమకాలికుడు. రెండవ మతమున రెండు తరములు తరువాతివాడు. ఎట్లు చూచినను తెలుగున మనకు మిగిలిన శాస్త్రగ్రంథములలో ఇది అతి ప్రాచీనములలో నొకటి.

మల్లనకు మూలము మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడు. మల్లన శివభక్తుడు. మూలములో జినుని పేర నున్న ఉదాహరణములు తెలుగున శివుని పేరకు మారినవి. లెక్క మాత్రము మారలేదు. జైనుడు చెప్పిన గుణకారము శైవుడు చేసినను ఫలము ఒక్కటే కదా! కరణమునకు కావలసినవి పొలము కొలత, ధాన్యము కొలత, బంగారము వన్నె, అప్పుపై వడ్డీ. ఇవన్నియు అందు కలవు. వీటి నడుమనే చదరంగపు లెక్క యొకటి వచ్చును.

చదరంగపు పలకపై ఇండ్లు 64. మొదటి ఇంట ఒకటి, రెండవ ఇంట రెండు, మూడవ ఇంట నాలుగు, ఇట్లు ప్రతి ఇంటను ముందటి దానికి రెట్టింపు ఉంచుచు పోయిన, అన్ని ఇండ్లలోను కలిసి ఎంత? మల్లన ఒక చంపకమాలలో దీనికి సమాధానము చెప్పెను. అది ఇది:

18446744073709551615

మన పద్ధతిని విడదీసి వ్రాసిన 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలు. అంగడిలోని కాలిక్యులేటరు పండ్రెండు అంకెలు దాటగనే చేతులెత్తును. చేతిలోని ఫోను మొదటి కొన్ని అంకెలు చూపి, తక్కినవాటిని మ్రింగి, ఇన్ని స్థానములున్నవని మాత్రము తెలుపును. మల్లన ఒక్క అంకెను మ్రింగలేదు.

అంకెలను పద్యములో ఎట్లు చెప్పెననగా, భూతసంఖ్యలతో. ఆకాశమనిన సున్న, చంద్రుడనిన ఒకటి, నేత్రములు రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, బాణములు ఐదు, ఋతువులు ఆరు, పర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, రంధ్రములు తొమ్మిది. ఒక్కొక్క అంకెకు పర్యాయపదములు అనేకము గనుక ఛందస్సునకు అనుకూలమైన పదమును కవి ఏరుకొనును. ఒకట్ల స్థానమునుండి ప్రారంభించి ఎడమకు నడచుట సంప్రదాయము. మల్లన పద్యమున మొదటి పదము చివరి 5ను తెలుపును, ఇరువదవ పదము మొదటి 1ని తెలుపును. పద్యము నోటికి వచ్చినవానికి సంఖ్య నోటికి వచ్చినట్లే. తాటాకు చెదలు తినిపోయినను సంఖ్య పోదు.

ఇంత సంఖ్యను చేతితో ఎట్లు కట్టవలెను? అరువదిమూడు మార్లు రెట్టించి, అరువదినాలుగు సంఖ్యలను కూడవలెనని తోచును. అంత శ్రమ అవసరము లేదు. మొదట ఒక రహస్యము గమనింపుడు. 1, 2 కూడిన 3. అది మూడవ ఇంటి 4కు ఒకటి తక్కువ. 1, 2, 4 కూడిన 7. అది నాలుగవ ఇంటి 8కి ఒకటి తక్కువ. ఏ ఇంటి వరకు కూడినను మొత్తము తరువాతి ఇంటికి ఒకటి తక్కువగనే యుండును. కావున పలకపై లేని అరువదియైదవ ఇల్లొకటి కల్పించుకొని, అందలి సంఖ్యనుండి ఒకటి తీసివేసిన చాలును.

ఆ ఇంటిలోని సంఖ్య రెండును అరువదినాలుగు మార్లు హెచ్చించిన ఫలము. పింగళాచార్యుడు ఛందస్సూత్రములలో ఇన్ని అక్షరముల పాదమునకు ఎన్ని వృత్తములు కలుగునో తెలియుటకు ఒక ఉపాయము చెప్పెను. సంఖ్యను సగము చేయుచు దిగవలెను, వర్గము చేయుచు ఎక్కవలెను. 64లో సగము 32, అందు సగము 16, పిదప 8, 4, 2, 1. ఆరు మెట్లు దిగితిమి. ఇక ఆరు మెట్లు ఎక్కుదము. 2ను తనతో హెచ్చించిన 4; 4 వర్గము 16; 16 వర్గము 256; 256 వర్గము 65536; 65536 వర్గము 4294967296; దాని వర్గము 18446744073709551616. ఒకటి తీసివేయుడు. అరువదిమూడు మార్ల పని ఆరు గుణకారములతో ముగిసినది. చివరిది కొంచెము పెద్దది; పలకయు బలపమును గల పిల్లవాడు అరగంటలో చేయగలడు.

ఇక మాకు మిక్కిలి ప్రీతికరమైన విషయమునకు వచ్చుచున్నాము. పద్యము సంఖ్యను కాపాడునంటిమి. ఎంతవరకు కాపాడును? ఒక పదము జారిపోయిన గణము చెడును, వినువారికి వెంటనే తెలియును. అయితే ఒక పదము స్థానమున అదే తూకముగల మరియొక పదము చేరినచో? ఆ పద్యమున ఒకచోట 'గిరి' యను పదము కలదు, రెండు లఘువులు. అచ్చట 'శశి' యని పఠించినను గణము చెడదు. ఆ పదము యతిస్థానమున లేదు గనుక యతియు చెడదు. విలువ మాత్రము 7 పోయి 1 యగును. వ్రాయసకాని చేయి జారుటకు ఇంత చాలును.

చేయి జారకున్నను చిక్కు కలదు. ఆ పద్యమున సముద్రవాచకములు రెండు చోట్ల వచ్చును. గణితజ్ఞుల వ్యవహారమున సముద్రము 4. నాలుగు దిక్కుల నాలుగు సముద్రములు. పురాణశ్రవణము చేసిన భక్తునకు సముద్రములనగనే లవణ, ఇక్షు, సురాదులైన ఏడు మనస్సున మెదలును. అతడు 7 అని అర్థము చెప్పిన తప్పు పట్టుటెట్లు? పద్యము తనంత తాను తీర్పు చెప్పలేదు. తీర్పు లెక్క చెప్పవలెను.

మన పెద్దలకు తెలిసిన తొమ్మిదుల పరీక్ష ఇచ్చట అక్కరకు వచ్చును. ఏ సంఖ్య యందైనను అంకెలన్నియు కూడి, వచ్చినదానిని మరల కూడి, ఒక్క అంకె మిగులువరకు చేయుడు. ఆ మిగిలినదే తొమ్మిదిచే భాగించిన శేషము. 9 మిగిలిన శేషము సున్న. ఇందాక మనము ఎక్కిన మెట్లను ఇట్లు పరీక్షింపుడు. 4కు 4. 16కు 7. 256 యందు 2, 5, 6 కూడిన 13, అది 4. 65536కు 25, అది 7. 4294967296కు 58, అది 13, అది 4. చివరి మెట్టుకు 88, అది 16, అది 7. చూచితిరా, నాలుగు, ఏడు, నాలుగు, ఏడు! ఇది కాకతాళీయము కాదు. 4 వర్గము 16, దాని అంకెల మొత్తము 7. 7 వర్గము 49, దాని అంకెలు కూడిన 13, అనగా 4. ఎన్ని మెట్లెక్కినను ఈ రెండే మార్చి మార్చి వచ్చును. ఆరవ మెట్టుకు 7 రావలెను. ఒకటి తీసివేసిన 6 రావలెను.

మల్లన సంఖ్యలోని ఇరువది అంకెలను కూడుడు. 87. ఎనిమిదియు ఏడును 15. ఒకటియు ఐదును 6. సరిపోయినది.

ఇప్పుడు సముద్రములలో నొకదానిని 7 అనుకొందము. మొత్తము 90, శేషము సున్న. రెండింటిని 7 అనుకొందము. మొత్తము 93, అది 12, అది 3. రెండును పొసగవు. సముద్రము నాలుగు కావలసినదే. 'గిరి'కి బదులు 'శశి' చేరిన మొత్తము 81, శేషము సున్న, అదియు పట్టువడినది. రెండంకెలు ఒకదాని చోటికొకటి మారిన ఈ పరీక్షకు దొరకవు, మొత్తము మారదు గనుక. దానికి పదునొకండుల పరీక్ష కలదు. ఒకట్ల స్థానము మొదలు బేసి స్థానములలోని అంకెలు కూడిన 62; సరి స్థానములవి కూడిన 25. భేదము 37. పదునొకటిచే భాగించిన శేషము 4. రెండును పదిమార్లు హెచ్చించిన 1024. పదునొకటిచే భాగించిన అందు శేషము 1. అరువదినాలుగింటిలో ఆరు పదులు పోగా నాలుగు మిగులును. రెండును నాలుగు మార్లు హెచ్చించిన 16, పదునొకటి పోగా 5. ఒకటి తీసివేసిన 4. ఇదియు సరిపోయినది. ప్రక్క ప్రక్కనున్న రెండు వేరు వేరు అంకెలు స్థానము మారినచో ఈ శేషము తప్పక మారును.

వేదమును పదముగా, క్రమముగా, జటగా, ఘనగా వల్లించుట ఎందులకు? ఒక పాఠము జారిన మరియొక పాఠము పట్టుకొనవలెనని. మల్లన సంఖ్యకు పద్యము ఒక పాఠము, గణితము రెండవ పాఠము. పద్యమును మాత్రము వల్లించి, లెక్క కట్టకుండ "మావారు చెప్పిరి" అని గర్వించువారిని చూచిన మాకు కొంచెము బాధ కలుగును.

ఈ సంఖ్య ఎంత పెద్దదో చూతము. కృష్ణయజుర్వేదమున ఇటుకల సందర్భమున ఒకటి మొదలు పరార్ధము వరకు సంఖ్యానామములు కలవు. శత, సహస్ర, అయుత, నియుత, ప్రయుత, అర్బుద, న్యర్బుద, సముద్ర, మధ్య, అంత, పరార్ధములు. ఒకటి ప్రక్క పండ్రెండు సున్నలు పరార్ధము. మల్లన సంఖ్యలో 1,84,46,744 పరార్ధములు చెల్లగా ఇంకను 7,370 కోట్ల 95 లక్షల 51 వేల 615 మిగులును. మహావీరుడు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు పెట్టెను. అందు ఇరువదవ స్థానము మహాశంఖము. మల్లన సంఖ్యలోని మొదటి అంకె సరిగా అచ్చటనే నిలుచును.

సెకనుకొక గింజ చొప్పున ఎత్తిపోసిన 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములు. అనగా బ్రహ్మదేవునికి 135 పగళ్ళు గడచినను ఆ రాశి తరుగక మిగిలియుండును. అవి వడ్లగింజలైనచో, కిలోకు సుమారు నలువదివేల గింజలని పెట్టుకొనిన, 46,000 కోట్ల టన్నులు దాటును. ప్రపంచమంతయు ఏటా పండించు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఐదువందల ఏండ్ల పంట చాలదు.

రెట్టింపు ఇట్టిది. మొదట నవ్వు పుట్టించును, పిదప భయపెట్టును. ఈ ప్రాంతపు రైతులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. మిరపకో ప్రత్తికో పెట్టుబడికని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, వడ్డీని ఏటేట అసలులో కలుపుకొనుచు పోయిన, మూడేండ్లు దాటి కొలదినెలలలోనే అప్పు రెట్టింపగును. పదిమార్లు రెట్టింపైన వేయిరెట్లు దాటును. కరణము వ్రాసిన గ్రంథమున వడ్డీ లెక్కలుండుట ఊరక కాదు.

సంఖ్యకు మరియొక గుణము కలదు. ఏ సంఖ్యలు కలిసి దీనిని పుట్టించినవో చూడుడు. వర్గమునుండి ఒకటి తీసివేసిన, అది మూలమునకు ఒకటి తక్కువైన సంఖ్యయు ఒకటి ఎక్కువైన సంఖ్యయు హెచ్చించినట్లగును. 16లో ఒకటి పోయిన 15. అది 3ను 5చే హెచ్చించిన ఫలము. 256లో ఒకటి పోయిన 255. అది 15ను 17చే హెచ్చించిన ఫలము. ఈ విధముగా పింగళుని ఆరు మెట్లే ఆరు గుణకములగును. 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటిని హెచ్చించిన మల్లన సంఖ్యయే వచ్చును. మొదటి ఐదును మరి విభజింపరానివి. పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా అను గణితజ్ఞుడు ఆరవదియు అట్టిదే యని నమ్మెను. 1732లో ఆయిలరు అను మహాగణితజ్ఞుడు అది 641 చేత నిశ్శేషముగా భాగింపబడునని చూపెను, లబ్ధము 6700417. కావున మల్లన సంఖ్యకు విభజింపరాని గుణకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండు మార్లు రాదు. ఈ ఏడింటిని వేరు వేరు విధముల కలుపగా దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 128 కలుగును. ఆ 128 కూడ చదరంగపు పలకపై ఎనిమిదవ ఇంటి సంఖ్యయే!

ఇక కథలను గూర్చి. చదరంగమును కనిపెట్టిన బ్రాహ్మణుడు రాజునొద్ద గింజలు కోరెనని పదుమూడవ శతాబ్దపు అరబ్బు రచయిత ఇబ్న్ ఖల్లికాను వ్రాసెను. కేరళములోని అంబలప్పుళ క్షేత్రమున శ్రీకృష్ణుడే వృద్ధుని రూపమున రాజుతో చదరంగమాడి గెలిచెననియు, రాజు తీర్చలేని బాకీని నేటికిని పాలపాయసముగా తీర్చుచున్నాడనియు ఐతిహ్యము కలదు. భక్తుల ఐతిహ్యమును భక్తితో వినవలెను, చరిత్రగా వాదింపరాదు. సంఖ్యను ప్రపంచమున మొదట కట్టినది మల్లనయే యని చెప్పువారును కలరు. అది నిజము కాదు. ఆల్బెరూనీ సుమారు క్రీ.శ. 1000 నాటి తన గ్రంథమున వర్గముల పద్ధతితోనే ఈ సంఖ్యను కట్టి చూపెను. ఇందువలన మల్లన గౌరవము తగ్గదు. ఎవరి బిరుదో తెచ్చి ఆయనకు తగిలింపనక్కరలేదు. తెలుగు రైతునకు, కరణమునకు, వీధిబడి పిల్లవానికి కంఠస్థమగునట్లు ఒక పద్యములో ఇమిడ్చిన పని ఆయనదే, దానిని మరెవరును పంచుకొనలేరు.

మరియొక కథ విచారకరమైనది. కాశిలోని బ్రహ్మదేవుని ఆలయమున వజ్రపు కంబములు మూడు గలవనియు, అరువదినాలుగు బంగారు పళ్ళెములను పూజారులు రేయింబవళ్ళు ఒక కంబమునుండి మరియొక కంబమునకు మార్చుచుందురనియు, అది ముగిసిన క్షణమున ప్రళయమనియు కొందరు పురాణికులు సైతము చెప్పుచున్నారు. ఏ వేదమునను ఏ పురాణమునను అది లేదు. 1883లో ఎడువార్డు లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటవస్తువును తయారుచేసెను. ఆ ఆటతో ప్రచారమైన కల్పన ఇది. ఆటలోని మార్పుల సంఖ్య మల్లన సంఖ్యయే యగుట నిజము. కాశి ఆలయము కల్పన. విదేశీయుడు వినోదమునకై అల్లిన కథను మన ఆగమముగా మనమే చెప్పుకొనుట తగదు.

నేటి కంప్యూటరులలో ఒక సంఖ్యకు అరువదినాలుగు గడులుండుట సర్వసాధారణము. ప్రతి గడియందు సున్నయో ఒకటియో ఉండును. అన్ని గడులందును ఒకటియే యున్నప్పుడు కలుగు సంఖ్య ఇదే. దీనిని విని మన పూర్వులే కంప్యూటరు కనుగొనిరని ఉత్సాహపడువారు కలరు. మేము అట్లనము. ఛందశ్శాస్త్రమున ఉన్నదేదో దానిని చెప్పుదుము.

ప్రస్తారములోని ఒక వృత్తము ఎన్నవదియో తెలియుటకు ఉద్దిష్టమను విధానము కలదు. అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు అంకెలు వ్రాసి, లఘువులపై నున్న అంకెలను కూడి, ఒకటి చేర్చవలెను. మూడక్షరముల గణములు చూడుడు. మూడును గురువులైన మ గణమునకు కూడుటకు ఏమియు లేదు, ఒకటి చేర్చిన మొదటిది. మూడును లఘువులైన న గణమునకు 1, 2, 4 కూడిన 7, ఒకటి చేర్చిన ఎనిమిదవది. దానికి ముందు ఏడు గణములు. ఇప్పుడు చదరంగపు ఇండ్లవలె అరువదినాలుగు అక్షరములను పరచి, అన్నియు లఘువులని భావింపుడు. వాటిపై వ్రాయవలసిన అంకెలు మల్లన పలకపై పెట్టిన గింజలే. ప్రస్తారమున ఆ పాదమునకు ముందు వచ్చు పాదముల సంఖ్య పావులూరి కరణము చంపకమాలలో చెప్పిన ఆ ఇరువది అంకెలే.

స్వస్తి.